అట్లాస్ ఎస్1 తోకచుక్క 28న సూర్యుడి పక్కనుంచి పోతోంది: హైదరాబాద్ నుంచి ఏమైనా కనిపిస్తుందా?

కాచిగూడ_కుర్రాడు | అక్టోబర్ 22, 2024, రాత్రి 9:40
దసరా తర్వాత గండిపేట గట్టు మీంచి సుచిన్‌షాన్-అట్లాస్‌ని చూసినప్పట్నుంచీ మా ఇంట్లో అందరికీ తోకచుక్కల పిచ్చి పట్టింది. ఇప్పుడు ఫ్యామిలీ గ్రూపులో రోజుకో మెసేజ్: "దీపావళికి పట్టపగలే తోకచుక్క, శుక్రుడికన్నా ప్రకాశం, మిస్ అవ్వొద్దు" అని. సీ/2024 ఎస్1 అట్లాస్ గురించే అనుకుంటా. 28 సోమవారం, మన టైము ప్రకారం సాయంత్రం ఐదింటి ప్రాంతంలో సూర్యుడికి అతి దగ్గరగా వెళ్తుందట. అప్పటికి మనకింకా పొద్దు గుంకదు కదా. నా దగ్గర 10×50 బైనాక్యులర్ ఉంది. సూర్యుడికి ఏ పక్క వెతకాలి? సెలవు పెట్టాలా? ఒకరు బ్రహ్మాండం అంటారు, ఇంకొకరు అది ఎప్పుడో అయిపోయింది అంటారు. తెలిసినవాళ్లు సరిగ్గా చెప్పండి.

రాత్రిపిట్ట | రాత్రి 9:52
సెలవు అక్కర్లేదు తమ్ముడూ. బైనాక్యులర్ మాత్రం ఆ రోజు బీరువాలోంచి బయటికి తీయకు.

జెనిత్_తార్నాక | రాత్రి 10:31
రాత్రిపిట్ట ఒక్క ముక్కలో తేల్చేశారు, నేను కాస్త విడమరుస్తా.

సూర్యబింబం వెడల్పు ఆకాశంలో సుమారు అర డిగ్రీ. సోమవారం సాయంత్రం ఐదింటికి ఈ తోకచుక్క బింబం మధ్య నుంచి అర డిగ్రీ లోపే ఉంటుంది. నీ 10×50లో ఒకేసారి కనిపించే మేర ఆరు డిగ్రీల పైమాటే. అంటే తోకచుక్క అందులో పడిందంటే సూర్యుడూ పడ్డట్టే. బైనాక్యులర్‌లోంచి వచ్చే ఎండ రెటీనాని కాల్చేస్తుంది. రెటీనాకి నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్నట్టు కూడా తెలియదు.

"సోలార్ ఫిల్టర్ పెట్టుకుంటా" అని ఎవరో అంటారు, ముందే చెప్తున్నా. ఆ ఫిల్టర్ వెలుగుని లక్షో వంతుకు తగ్గిస్తుంది. దాంట్లో సూర్యుడు కనిపిస్తాడు, తోకచుక్క కనిపించదు.

ఇక ప్రకాశం సంగతి. సెప్టెంబర్ 27న హవాయిలోని అట్లాస్ టెలిస్కోప్ దీన్ని పట్టుకుంది. సూర్యుణ్ణి రాసుకుంటూ పోయే క్రూట్జ్ గుంపుదని తేలగానే మైనస్ ఐదు, మైనస్ ఏడు మాగ్నిట్యూడ్ దాకా పోవచ్చని లెక్కలు వచ్చాయి (మాగ్నిట్యూడ్ అంటే ప్రకాశం కొలత, మైనస్‌లోకి ఎంత పోతే అంత ప్రకాశం). మీ ఫ్యామిలీ గ్రూపు మెసేజ్ అప్పటిది. ఈ నెల మధ్యలో వచ్చిన ఫొటోల్లో తల సాగిపోయి చెదిరినట్టుంది. ముక్కలవుతోందని చూస్తున్నవాళ్లే రాస్తున్నారు.

పాతబస్తీ_పాలపుంత | రాత్రి 10:45
ఐసాన్ కథే మళ్లీ అన్నమాట.

మౌలాలి_మేడ | రాత్రి 11:20
ఐసాన్ పేరెత్తారు కాబట్టి చెప్తున్నా, ఆ బాధ నాకింకా పోలేదు. 2012 సెప్టెంబర్‌లో నెవ్‌స్కీ, నోవిచొనోక్ అనే ఇద్దరు రష్యాలో కిస్లోవోద్‌స్క్ దగ్గర టెలిస్కోప్‌తో కనిపెట్టారు. ఏడాది పాటు టీవీల్లో "శతాబ్దపు తోకచుక్క" అని ఊదరగొట్టారు. 2013 నవంబర్ 28న పెరిహీలియన్, అంటే సూర్యుడికి అతి దగ్గరయ్యే క్షణం. మనకి అర్ధరాత్రి దాటాక. మా మేడ మీద కూర్చుని ఫోన్లో సోహో (సూర్యుణ్ణి చూసే అంతరిక్ష నౌక) బొమ్మలు రీఫ్రెష్ చేస్తూనే ఉన్నాం. సూర్యుడి వెనక్కి తోకచుక్కలా వెళ్లింది, అవతల ఒక మసక విసనకర్రలా వచ్చింది. నాలుగు రోజుల్లో అదీ లేదు. డిసెంబర్ మొదటి వారంలో తెల్లారుజామున చూద్దామని వికారాబాద్ వెళ్లడానికి బండి కూడా మాట్లాడుకున్నాం. అందుకే సూర్యుడి దగ్గరికి వెళ్లే తోకచుక్క అంటే నేను ముందుగా ఆశ పెట్టుకోను.

రాత్రిపిట్ట | రాత్రి 11:34
@మౌలాలి_మేడ అన్నా, లవ్‌జాయ్ తోకచుక్క సంగతి కూడా చెప్పు మరి. 2011 డిసెంబర్ 16న సూర్యుడి ఉపరితలానికి లక్షా నలభై వేల కిలోమీటర్ల ఎత్తున దూసుకెళ్లింది. పోయిందనే అందరూ అనుకున్నారు. గంట తర్వాత అవతల్నుంచి బయటికొచ్చింది! ఐసాన్ దానికి ఎనిమిది రెట్ల ఎత్తులో వెళ్లి కూడా బతకలేదు. కాబట్టి ఎస్1 సంగతి కూడా చివరిదాకా చెప్పలేం.

మౌలాలి_మేడ | రాత్రి 11:41
లవ్‌జాయ్ బయటికొచ్చాక నాలుగైదు రోజుల్లో దాని తల పోయింది కదా. తోక మాత్రమే మిగిలింది.

రాత్రిపిట్ట | రాత్రి 11:43
ఆ తలలేని తోకే ఆస్ట్రేలియా ఆకాశంలో ఎంత అందంగా కనిపించిందో ఫొటోలు చూడు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | అక్టోబర్ 23, ఉదయం 6:15
పగలు కనిపించడం అసాధ్యమేమీ కాదు. 1965 అక్టోబర్‌లో ఇకెయా-సెకి సూర్యుడి ఉపరితలానికి నాలుగున్నర లక్షల కిలోమీటర్ల ఎత్తున పోయింది. సూర్యుణ్ణి గోడ చాటున, చెయ్యి చాటున దాచి పట్టపగలే చూసినవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. అదీ క్రూట్జ్ గుంపుదే. ఈ గుంపు తోకచుక్కలన్నీ ఒకే దారిన వస్తాయని 19వ శతాబ్దం చివర్లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్‌రిక్ క్రూట్జ్ లెక్కలు కట్టి చెప్పాడు. ఎప్పుడో ఒక పెద్దది బద్దలైతే ఆ ముక్కలే ఇలా శతాబ్దాలుగా వస్తున్నాయి. 1882 నాటి మహా తోకచుక్క కూడా వాటిలోదే.

ఇకెయా-సెకిని నేను పగలు చూడలేదు. సూర్యుణ్ణి చుట్టి వచ్చాక తెల్లవారుజామున చూశాను. అప్పుడు మేం సుల్తాన్ బజార్‌లో ఉండేవాళ్లం. నాన్నగారు లేపి డాబా మీదికి తీసుకెళ్లారు. ఆగ్నేయాన తల ఇంకా ఇళ్ల వెనకే ఉంది, తోక మాత్రం పైకి నిలువునా లేచి ఉంది. వీధి దీపాలు తక్కువ రోజులు, టార్చిలైటు పైకి కొట్టినట్టే ఉంది. పక్క డాబా మీద ఒక పెద్దావిడ చూడకుండా తలుపు వేసుకుంది. పాకిస్తాన్‌తో యుద్ధం అప్పుడే ఆగింది, తోకచుక్క వచ్చిందంటే ఇంకేదో మూడుతుందని భయం. జనవరిలో శాస్త్రిగారు పోయాక "చెప్పలేదా" అన్నవాళ్లూ ఉన్నారు.

ఈసీఐఎల్_అమ్మ | ఉదయం 8:02
మాస్టారూ, మీ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించా. వాడు ఎనిమిదో తరగతి. "గోడ చాటున నేనూ చూస్తా" అని మొదలుపెట్టాడు. పిల్లల్ని అలా చూడనివ్వొచ్చా? నాకు టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | ఉదయం 8:30
వద్దమ్మా. సూర్యుడు ఆకాశంలో తన వెడల్పంత జరగడానికి రెండు నిమిషాలు చాలు. గోడ ఏ వైపు ఉంది, సూర్యుడు దాని వెనక్కి పోతున్నాడా, వెనక నుంచి బయటికొస్తున్నాడా అని లెక్క చూసుకుని నిలబడే పెద్దవాళ్లకే అది పని. అదైనా ఇకెయా-సెకి అంత ప్రకాశం ఉన్నప్పుడు. దీనికి ఆ అవసరమే రాదు.

పిక్సెల్_పద్మ | ఉదయం 11:05
@ఈసీఐఎల్_అమ్మ మీ అబ్బాయికి కంప్యూటర్ ముందు కుర్చీ వేసివ్వండి. వీటిని చూడాల్సింది అక్కడే.

సోహో అనే అంతరిక్ష నౌక 1995 డిసెంబర్‌లో బయల్దేరింది. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు ఉంటుంది. అందులో లాస్కో కెమెరాలు సూర్యుడికి అడ్డంగా ఒక బిళ్ల పెట్టి చుట్టూ ఉన్న కరోనాని, అంటే సూర్యుడి బయటి వాతావరణాన్ని, ఫొటో తీస్తాయి. ఎర్రగా కనిపించేది సీ2, సూర్యుడికి దగ్గర భాగం. నీలంగా కనిపించేది సీ3, సూర్యుడి వ్యాసార్ధానికి ముప్ఫై రెట్ల దూరం దాకా. బిళ్ల మీద గీసిన తెల్ల సున్నా అసలు సూర్యుడి సైజు. అంచు నుంచి బిళ్ల దాకా ఒక నల్లటి కడ్డీ ఉంటుంది, అది బిళ్లని పట్టుకున్న ఊచ. బొమ్మలు నాసా వాళ్లు అందరికీ ఉచితంగా పెడతారు. సుమారు పన్నెండు నిమిషాలకొక ఫ్రేమ్. మనదాకా రావడానికి కొంత ఆలస్యం అవుతుంది, ఒక్కోసారి గంటలు.

మొదటిసారి చూసేవాళ్లు తికమకపడే విషయాలు చెప్తా. ఒక్క ఫ్రేములో మెరిసి తర్వాతి దాంట్లో లేని చుక్కలు, గీతలు కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షం నుంచి వచ్చి కెమెరాకి తగిలే కణాలు. అన్ని ఫ్రేముల్లో ఒకే వరసలో మెల్లగా పక్కకి జరిగేవి నక్షత్రాలు. చుక్కకి రెండు పక్కలా అడ్డంగా పదునైన గీత ఉంటే అది గ్రహమో, బాగా ప్రకాశమైనదో. సెన్సర్ నిండిపోయి అలా పొంగుతుంది. నక్షత్రాల వరసని కాదని, ఫ్రేము ఫ్రేముకీ బిళ్ల వైపు వేగం పెంచుకుంటూ వచ్చే మెత్తటి చుక్క కనిపించిందా, అది తోకచుక్క.

ఎస్1 శని-ఆదివారాల మధ్య రాత్రి సీ3లోకి వస్తుంది. ఆదివారం సెలవే కాబట్టి పిల్లలతో కూర్చోండి.

ఘట్‌కేసర్_గురు | మధ్యాహ్నం 1:17
మన ఆదిత్య-ఎల్1 కూడా అక్కడే ఉంది కదా? దాంట్లో చూడలేమా?

జెనిత్_తార్నాక | మధ్యాహ్నం 1:50
@ఘట్‌కేసర్_గురు ఉన్నది అక్కడే, ఈ జనవరి 6న చేరింది. కానీ దాంట్లోని వెల్క్ కరోనాగ్రాఫ్ (కరోనాని చూసే కెమెరా) సూర్యుడి అంచు దగ్గర మొదలుపెట్టి, కేంద్రం నుంచి లెక్కేస్తే మూడు వ్యాసార్ధాల దాకా చూడ్డానికి కట్టింది, లోపలి కరోనా దాని పని. తోకచుక్క దారంతా కనిపించాలంటే సీ3 లాంటి విశాలమైన చూపు కావాలి.

అనంతగిరి_రోడ్డు | రాత్రి 8:44
ఎవరూ ఏమనుకోవద్దు. నాసా వాడు పెట్టిన బొమ్మ ఫోన్లో జూమ్ చేసి చూడ్డం ఆకాశ పరిశీలన ఎలా అవుతుంది? తెల్లారుజామున లేచి, ఔటర్ రింగ్ రోడ్డు దాటి, చలిలో వణుకుతూ చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగి, అప్పుడు కనిపించిన ఆ పొగలాంటి చుక్క మనది. ఈ నెల మొదట్లో సుచిన్‌షాన్‌ని తూర్పున తెల్లవారే ముందు అలాగే పట్టుకున్నా. దాని వెలుగు నా కంట్లోనే పడింది. స్క్రీన్ మీద చూసేదాంట్లో మన పాత్ర ఏముంది? పిల్లలకి దీన్నే ఖగోళశాస్త్రం అని చెప్తే వాళ్లు మేడ ఎక్కరు. అదే నా బాధ.

పాతబస్తీ_పాలపుంత | రాత్రి 8:58
చార్మినార్ దగ్గర మేడ ఎక్కితే కనిపించేది హాలోజన్ లైట్లే అన్నా. నాకు స్క్రీనే దిక్కు.

పిక్సెల్_పద్మ | రాత్రి 9:30
@అనంతగిరి_రోడ్డు మీ బాధ అర్థమైంది. "మన పాత్ర ఏముంది" అన్నదానికి మాత్రం ఒప్పుకోను. సోహో బొమ్మల్లో ఇప్పటిదాకా దొరికిన తోకచుక్కలు ఐదు వేల పైన. ఐదు వేలోది ఈ ఏడాది మార్చిలోనే దొరికింది. వీటిలో ఎక్కువ శాతం కనిపెట్టింది ఉద్యోగ శాస్త్రజ్ఞులు కాదు, మనలాంటి వాళ్లే, ఇంట్లో కూర్చుని, ఈ ఉచిత ఫ్రేములే తిరగేసి. 2015లో మూడు వేలోది పట్టింది థాయ్‌లాండ్ ఔత్సాహికుడు. సోహోని కట్టింది సూర్యుణ్ణి చూడ్డానికి. అది తీసిన ఫొటోల్లో తోకచుక్కలు ఉంటాయి, కానీ వెతికేవాళ్లు లేకపోతే అవి అలాగే పడి ఉంటాయి. ఆ వెతుకులాట పరిశీలన కాకపోతే మరేది?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | అక్టోబర్ 24, ఉదయం 6:20
ఈ చర్చకి మన ఊళ్లోనే జవాబుంది. నిజామియా అబ్జర్వేటరీని 1901లో నవాబ్ జఫర్ జంగ్ పెట్టారు, తర్వాత బేగంపేటకి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని ఫొటోల్లోకి ఎక్కించాలని అంతర్జాతీయంగా ఒక పెద్ద పని జరిగింది, కార్త్ ద్యు సియెల్ అని. అందులో దక్షిణ ఆకాశంలోని ఒక పట్టీ, మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల దాకా, హైదరాబాద్ వాటాకి వచ్చింది. రాత్రి గాజు పలకల మీద ఫొటో తీసేవారు. పగలు బల్ల ముందు కూర్చుని మైక్రోస్కోపులో ఒక్కొక్క నక్షత్రం స్థానం కొలిచి పుస్తకంలో రాసేవారు. లక్షల నక్షత్రాలు అలా కొలిచారు. కంటితో ఆకాశాన్ని చూసినదానికంటే పలకని చూసిన గంటలే ఎక్కువ. అది ఖగోళశాస్త్రం కాదని ఎవరంటాం?

ఆ అబ్జర్వేటరీలో పనిచేసినాయన కొడుకే వేణు బప్పు. హైదరాబాద్‌లో పెరిగి, హార్వర్డ్‌లో చదువుకుంటూ 1949లో తోకచుక్క కనిపెట్టారు. బప్పు-బోక్-న్యూకిర్క్ అని దాని పేరు. దొరికింది ఎక్కడ? తీసిన ఫొటో పలక మీద.

అనంతగిరి_రోడ్డు | ఉదయం 9:12
మాస్టారూ, బప్పు గారి పలక ఆయనే ఎక్స్‌పోజ్ చేసుకున్నది. టెలిస్కోప్ పక్కన నిలబడ్డారు. నేనంటున్న తేడా అదే. వెతకడం గొప్ప పనే, పద్మ గారి మీద నాకు గౌరవమే. కానీ రెండూ ఒకటే అంటే నా మనసు ఒప్పుకోదు.

పిక్సెల్_పద్మ | ఉదయం 9:40
ఒకటే అని నేనూ అనలేదు. సూర్యుడికి డిగ్రీ దూరంలో ఉన్నదాన్ని చూసే దారి ఇదొక్కటే అంటున్నా.

కాచిగూడ_కుర్రాడు | అక్టోబర్ 27, ఉదయం 10:25
సీ3లో ఉంది!! అంచు నుంచి లోపలికి వస్తోంది. చిన్న తోక కూడా కనిపిస్తోంది. ఇంట్లో అందరం ల్యాప్‌టాప్ చుట్టూ మూగాం.

ఈసీఐఎల్_అమ్మ | ఉదయం 10:50
మావాడు పది ఫ్రేములు సేవ్ చేసి వరసగా తిప్పుతున్నాడు. "అమ్మా, ప్రతి ఫ్రేముకీ ఎక్కువ దూరం జరుగుతోంది" అంటున్నాడు. నిజమేనా?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు | ఉదయం 11:15
నిజమేనమ్మా, మంచి కన్ను. సూర్యుడి వైపు పడుతున్న వస్తువు, దగ్గరయ్యే కొద్దీ వేగం పెరుగుతుంది. రేపు సాయంత్రం అది సూర్యుడి కేంద్రానికి దాదాపు పన్నెండు లక్షల కిలోమీటర్ల దగ్గర ఉన్నప్పుడు వేగం సెకనుకు 450 కిలోమీటర్ల పైన ఉంటుంది. మన భూమి సూర్యుడి చుట్టూ తిరిగేది సెకనుకు 30. ఆ ఫ్రేముల్లో చుక్క బిళ్ల మధ్య నుంచి ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలిచి, టైము పక్కన రాసి గ్రాఫు గీయమనండి. పదకొండో తరగతి పాఠం ఇప్పుడే వచ్చేస్తుంది.

మౌలాలి_మేడ | రాత్రి 10:05
ఆశ పెట్టుకోనన్నా, కానీ ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నా. ప్రకాశం పెరుగుతోందా, నాకే అలా అనిపిస్తోందా?

జెనిత్_తార్నాక | రాత్రి 10:22
క్రూట్జ్ గుంపువి చాలావరకు సూర్యుడి వ్యాసార్ధానికి పది, పన్నెండు రెట్ల దూరంలో బాగా వెలిగి, అక్కణ్ణుంచి మసకబారతాయి. ఆ గీత దాటాక ఎలా ఉంటుందో చూసి మాట్లాడుకుందాం.

రాత్రిపిట్ట | అక్టోబర్ 28, మధ్యాహ్నం 2:30
ఆఫీసులో మీటింగ్ మధ్యలో చూశా. సీ2 ఫ్రేముల్లో తల గుండ్రంగా లేదు. సన్నగా సాగిపోయింది, ముందు భాగం మొనదేలింది. ఐసాన్ చివరి గంటలు గుర్తొస్తున్నాయి.

కాచిగూడ_కుర్రాడు | సాయంత్రం 5:04
టైము అయింది. పడమర కిటికీకి కర్టెన్ వేసేశా, మా తమ్ముడు బైనాక్యులర్ పట్టుకుని తిరుగుతున్నాడని.

పిక్సెల్_పద్మ | రాత్రి 8:40
ఇప్పటిదాకా వచ్చిన ఫ్రేములన్నీ చూశా. బిళ్ల వెనక్కి చేరకముందే చెదిరిపోయింది. అవతలి వైపు ఏమీ బయటికి రాలేదు.

మౌలాలి_మేడ | రాత్రి 8:47
🙏

ఘట్‌కేసర్_గురు | రాత్రి 9:10
ఎందుకు విరిగిపోతాయి అసలు? వేడికేనా?

జెనిత్_తార్నాక | రాత్రి 9:55
వేడి ఒక కారణం. మంచు నేరుగా ఆవిరై ఎగిసిపోతుంటే కేంద్రకం రోజురోజుకీ చిక్కిపోతుంది. ఆ ఆవిరి ఒకవైపు నుంచే తోసుకొస్తే కేంద్రకం గిరగిరా తిరిగి, ఆ తిరుగుడుకే చీలిపోవచ్చు. సూర్యుడికి మరీ దగ్గరైతే అలలు పుట్టించే బలం తోడవుతుంది: దగ్గరి వైపు ఎక్కువ లాగుతుంది, దూరపు వైపు తక్కువ. రాయిలా గట్టిగా ఉంటే తట్టుకుంటుంది, ఇవి మంచూ దుమ్మూ వదులుగా అతుక్కున్న ముద్దలు. ఎంత పెద్దదన్నదే చివరికి తేల్చేది. ఇకెయా-సెకి పెద్దది, ముక్కలైనా బయటపడింది. సోహోలో కనిపించే క్రూట్జ్‌లు చాలావరకు కొన్ని పదుల మీటర్లే, అవి ఒక్కటీ తిరిగి రావు. ఎస్1 దారిలోనే చీలడం మొదలుపెట్టింది కాబట్టి సూర్యుడి దగ్గరికి వెళ్లింది ముక్కలే.

పాతబస్తీ_పాలపుంత | రాత్రి 10:12
మా గ్రూపులో ఇప్పుడే మళ్లీ వచ్చింది: "రేపు పగలే కనిపించే తోకచుక్క". కింద ఇకెయా-సెకి ఫొటో పెట్టారు.

కాచిగూడ_కుర్రాడు | రాత్రి 10:20
మా గ్రూపులో నేనే రాసేశా: అది విచ్చిపోయింది, సూర్యుడి వైపు ఎవరూ బైనాక్యులర్ పెట్టొద్దు, కింద సోహో ఫ్రేములున్నాయి చూడండి అని. మా బాబాయ్ ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. ఎనభై ఆరులో హాలీ కోసం బిర్లా ప్లానెటేరియం దగ్గర నిలబడ్డ కథంతా చెప్పాడు.

ఈసీఐఎల్_అమ్మ | అక్టోబర్ 29, రాత్రి 7:35
పద్మ గారూ, మావాడు నిన్నటి సీ3 ఫ్రేముల్లో ఇంకో చిన్న చుక్క ఉందంటున్నాడు. ఎస్1 వచ్చిన దారికి దగ్గరగానే, చాలా మసక. ఎనిమిది ఫ్రేముల్లో ఉందట. ఎవరికి చెప్పాలి?

పిక్సెల్_పద్మ | రాత్రి 8:15
ఎనిమిదింట్లో ఉంటే కాస్మిక్ కిరణం కాదు. ప్రతి ఫ్రేములో చుక్క మధ్య ఎక్కడుందో పిక్సెల్ నంబరు, అడ్డం, నిలువు రెండూ, ఫ్రేము టైముతో సహా పట్టీ వేయమనండి. సోహోలో దొరికే తోకచుక్కల్ని నమోదు చేసే సన్‌గ్రేజర్ ప్రాజెక్ట్ వాళ్ల సైట్లో ఆ పట్టీ పంపాలి. ముందు వాళ్ల జాబితాలో అదే చుక్కని ఇంకెవరైనా రాశారేమో చూడాలి. అక్టోబర్, నవంబర్ నెలల్లో క్రూట్జ్‌లు బాగా దొరుకుతాయి, ప్రపంచమంతా వేటలోనే ఉంటారు. ఆ ఎనిమిది ఫ్రేములూ నాకూ పంపండి, నేనూ కొలుస్తా.

అనంతగిరి_రోడ్డు | రాత్రి 8:50
బాబూ, పట్టీ జాగ్రత్తగా వెయ్యి. శుక్రవారం అమావాస్య, శనివారం నాటికి టపాకాయల పొగ ఊరి బయట తేలిపోతుంది. సుచిన్‌షాన్ ఇంకా పొద్దుగూకాక పడమట బైనాక్యులర్‌కి అందుతోంది. నేను వికారాబాద్ వైపు వెళ్తున్నా, అమ్మగారు ఒప్పుకుంటే ఇద్దరూ రండి. పద్మ గారూ, మీరు కూడా.

పిక్సెల్_పద్మ | రాత్రి 9:02
వస్తా. లింగంపల్లి స్టేషన్ దగ్గర ఎక్కించుకోండి.

ఈసీఐఎల్_అమ్మ | రాత్రి 9:20
మేమూ వస్తాం. పిల్లాడు ఐదో ఫ్రేము దగ్గర ఉన్నాడు, నిలువు నంబరు పైనుంచి లెక్కపెట్టాలా, కిందినుంచా అని అడుగుతున్నాడు.

పిక్సెల్_పద్మ | రాత్రి 9:24
ఏ మూల నుంచి లెక్కపెట్టాడో పట్టీ పైన రాయమనండి. పంపే ఫారంలో అది అడుగుతారు, అక్కడ తప్పితే చుక్క సూర్యుడికి అవతలి పక్కన పడుతుంది.